ఎస్తేరక్క రైల్లో నీళ్ళు ముట్టదు

రైలు కాచిగూడ దాటి కాస్త వేగం అందుకోగానే పెట్టె పొడవునా నీళ్ళ సీసాల మూతలు విప్పే చప్పుడు మొదలవుతుంది. ఏసీ చల్లదనం, వేణ్ణీళ్ళలో కలిపిన కాఫీపొడి వాసన, అప్పుడే పంచిన పేపర్ల వాసన, వాటి మధ్య టక్కు టక్కుమని సీళ్ళు తెగే చప్పుడు. బెంగళూరు వెళ్ళే వందేభారత్‌లో టిఫిన్లు, భోజనాలు అందించే పని నాది. చేతులు ట్రేలు పంచుతూ ఉంటాయి గాని, చెవులు మాత్రం ఆ చప్పుడు రాని సీటు ఎక్కడుందా అని వెతుకుతుంటాయి. ఎవరో ఒకరు ఉంటారు. చాలాసార్లు పెద్ద వయసు ఆడమనిషి. సీసాను ఒళ్ళో పెట్టుకుని, కొంగు కప్పి, కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంటుంది. అలాంటి మనిషిని కనిపెట్టడం నాకు ట్రైనింగ్‌లో ఎవరూ నేర్పలేదు. హైదరాబాద్ పాతబస్తీ జహనుమాలో మా ఇంటి గోడ ఆనుకుని ఉన్న ఇంట్లో ఎస్తేరక్క నేర్పింది. ఆమె పోయి ఏడాది కావస్తోంది.

అక్క అంటున్నాను గాని ఆమె మా అమ్మకన్నా పెద్దది. గల్లీ అంతా అక్క అనేది, మా అమ్మా అదే అనేది, దాంతో నాకూ అక్కే అయింది. సర్కారు దవాఖానలో ఆడవాళ్ళ వార్డులో ఆయాగా చేసి రిటైరయింది. పొట్టి మనిషి, గొంతు మాత్రం గల్లీ ఈ చివర నుంచి ఆ చివరకు వినిపించేది. నల్లా దగ్గర లొల్లి జరిగితే బిందెలు తానే వరస పెట్టి, ఎదురు మాట్లాడినవాళ్ళను నాలుగు తిట్టి, సాయంత్రం వాళ్ళింటికే వెళ్ళి చాయ్ తాగి వచ్చేది. ఆదివారం చర్చిలో పాట మొదలుపెడితే పాస్టరుగారు కూడా ఆమె వెనకే పాడాల్సి వచ్చేదని మా అమ్మ నవ్వేది.

నేను ఇంటర్ చదివేటప్పుడు మా అమ్మకు పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది. నాన్న బర్రెల దగ్గరికి, పాలు పోయడానికి తిరిగేవాడు కాబట్టి అమ్మను చూసుకోవడం నా వంతయింది. కొన్నాళ్ళకు పట్టుకుంటే నడవగలిగింది గాని నీళ్ళు మాత్రం తాగేది కాదు. నేను గ్లాసు పెడితే పెదవి తడిపి పక్కన పెట్టేసేది. డాక్టరు కోప్పడ్డాడు, నేనూ విసుక్కున్నాను. ఎస్తేరక్క వచ్చి ఒక్క పూట కూర్చుని, నన్ను వాకిట్లోకి పిలిచింది.

"అమ్మ తాగుతలేదంటే దూప లేక కాదు బిడ్డా. తాగితే బాత్‌రూంకు పోవాలె. పోవాలంటే నిన్ను లేపాలె. అది ఇష్టం లేదు ఆమెకు."

"మరి నాకు చెప్పచ్చు గద అక్కా?"

"అడగంది అమ్మైనా పెట్టదంటరు. మంచంల ఉన్నోళ్ళు అడగరే పిచ్చిదానా. గా సామెత మంచిగున్నోళ్ళకు."

లోపలికి వెళ్ళి అమ్మ భుజం తట్టి, "ఏందమ్మా, నాకు జర తోడు రా. దొడ్డి ఎనకకు పోవాలె, గాడ అంతా పాకురు పట్టి ఉన్నది, జారితే నా నడుం ఇరుగుతది" అంది. పట్టుకోనిదే నడవలేని మా అమ్మ ఆమెకు తోడుగా లేచింది! సాయం తీసుకుంటున్నట్టు కాక, చేస్తున్నట్టు లేచింది. వార్డులో అన్నేళ్ళూ అక్క పని అలాగే చేసిందట. ఏ మనిషినీ "నీకు వస్తున్నదా?" అని అడగలేదు. "నాకు తోడు రా" అని పిలిచింది. ఆ రోజు నుంచి మా అమ్మ నీళ్ళు తాగింది. బతికినన్నాళ్ళు తాగింది.

నాకు రైల్లో ఉద్యోగం వచ్చినప్పుడు గల్లీవాళ్ళు మా ఇంట్లో తిరునాళ్ళలా చేరారు. నేనూ తక్కువ తినలేదు, అరచేతిలో వైకుంఠం చూపించాను. దగ్గరికి పోతే దానంతట అదే జరిగే తలుపు, వెనక్కి వాలే కుర్చీ, పక్కనే ఫోన్ చార్జింగు, ఎంత స్పీడులో పోతున్నామో చూపించే తెర, కూర్చున్న చోటికే వచ్చే వేడి భోజనం. పైతరగతిలో కుర్చీలు కిటికీ వైపు తిరుగుతాయంటే ఎవరూ నమ్మలేదు. అందరూ అయ్యాక ఎస్తేరక్క అడిగింది:

"బాత్‌రూం దాక తోవ ఉంటదా? మనుషులు అడ్డం కూసోరా?"

"ఒక్కరు కూడ అడ్డం ఉండరక్కా. నడిమిట్ల తోవ ఖాళీగనే ఉంటది."

ఆమె లేచింది. ఇంటికి వెళ్ళిపోయింది. అప్పుడు నాకు అది వింతగా తోచలేదు.

తర్వాత బెంగళూరులో ఉన్న ఆమె చెల్లెలు రూతమ్మకు జబ్బు ముదిరిందని కబురొచ్చింది. అక్క రెండు వారాలు రేపు, ఎల్లుండి అంటూ గడిపింది. మోకాళ్ళన్నది, ఎండలన్నది. ఆమెకు అప్పటికే కిడ్నీ ఇబ్బంది ఉంది, నీళ్ళు తగ్గించొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఒకరోజు తానే వచ్చి మా గడపలో కూర్చుంది.

"సునీతా, నీ బండికి టికెట్ తియ్యి. దానికి ఒక్క మాట చెప్పేదున్నది. చెప్పకముందు అది పోవద్దు."

ఏ మాట అని నేను అడగలేదు. నేను పనిచేసే పెట్టెలోనే కిటికీ పక్క సీటు తీశాను.

రైలెక్కిన ఎస్తేరక్క కొత్త కోడలిలా ఒదిగి కూర్చుంది. గల్లీని గడగడలాడించిన గొంతు ఎటుపోయిందో! తలుపు దానంతట అది జరిగితే పక్కకు తప్పుకుని దారిచ్చింది. కుర్చీ వెనక్కి వాల్చి చూపిస్తే, "వెనకామె మీద పడ్తనేమో" అని మళ్ళీ నిటారుగా లేచింది. ఇడ్లీ, వడ పెట్టిన ట్రే ఇస్తే "తర్వాత తింట" అంది. సీసా మూత విప్పలేదు. నేను ఒక చుట్టు తిరిగి వచ్చాను, రెండో చుట్టు తిరిగాను. సీసా అలాగే ఉంది. కర్నూలు దాటేసరికి ఆమె పెదవులు ఎండిపోయి, కళ్ళు మూతలు పడుతున్నాయి. ముందు రోజు సాయంత్రం నుంచే చుక్క ముట్టలేదని అప్పుడు ఒప్పుకుంది.

అడిగితే లాభం లేదని నాకు తెలుసు. వంగి చెవిలో అన్నాను: "అక్కా, నాకు జర తోడు రా. గా చివరికి పోవాలె, కాళ్ళు వణుకుతున్నయి."

ఆమె కళ్ళు తెరిచి నన్ను పై నుంచి కింది దాకా చూసింది. "రోజూ గీ బండిల గిరగిర తిరిగేదానికి కాళ్ళు వణుకుతున్నయా? నా విద్య నా మీదనే చూపిస్తున్నవా, దొంగదానా?" అంది. నవ్వింది కూడా. కాని లేచింది. నా చెయ్యి పట్టుకుని ఖాళీ దారిలో నడుస్తూ అటూ ఇటూ సీట్లను తడిమి చూసుకుంటూ వచ్చింది. బాత్‌రూం లోపల తడి లేదు, వాసన లేదు. చెయ్యి చాపితే నీళ్ళు పడ్డాయి. బయటికి వచ్చి, పెట్టెలు కలిసే చోట గోడకు ఆనుకుని నిలబడిపోయింది. ముఖమంతా తడి. కడుక్కున్న నీళ్ళేమో అనుకున్నాను.

"గిట్లాంటి తోవ ఉంటే రూతుకు నీళ్ళు తాపేదాన్ని బిడ్డా."

ఎన్నో ఏళ్ళ కిందట చెల్లెలి మొదటి కాన్పుకు గుంతకల్లు నుంచి పుట్టింటికి తీసుకొచ్చింది ఎస్తేరక్కే. ఎండాకాలం, జనరల్ బోగీ, బాత్‌రూం తలుపు దాకా మనుషులు, మూటలు. నిండు నెలలతో ఉన్న చెల్లెలు దూప, దూప అంటే, తాగితే ఆ జనంలోంచి ఎలా తీసుకుపోవాలని భయపడి, కొంగు తడిపి పెదవులకు అద్దింది. దిగాక తాగుదువులే అంది. దిగేసరికి చెల్లెలికి ఒళ్ళు తెలియలేదు. మనిషి దక్కింది గాని బిడ్డ దక్కలేదు. అది నీళ్ళ వల్లే జరిగిందని ఏ డాక్టరూ చెప్పలేదు. కాదని కూడా ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత అక్కాచెల్లెళ్ళు పెళ్ళిళ్ళలో కలిశారు, పండక్కి బట్టలు పెట్టుకున్నారు, ఫోన్లో గంటలు మాట్లాడుకున్నారు. ఆ ప్రయాణం గురించి మాత్రం ఇద్దరూ ఒక్కసారి కూడా పెదవి విప్పలేదు.

"గప్పటి సంది బండెక్కితే నాకు నీళ్ళు గొంతు దిగయి. దానికి ఇయ్యనిది నేనెట్ల తాగుత?" అంది.

నాకు ఏడుపు ఆగలేదు. యూనిఫారంలో ఉన్నానని కూడా చూసుకోలేదు. నా ఉద్యోగం, నా మెత్తటి కుర్చీలు, నా మెరిసే తెరలు అన్నీ ఆ క్షణంలో ఆమెకు ఎందుకూ కొరగాకుండా పోయాయి. ఎంత బతిమాలినా రెండు గుక్కలకు మించి తాగలేదు. మిగతా దారి అంతా నేను పని చేస్తూనే, ఈమెను క్షేమంగా దించు దేవుడా అని మొక్కుకుంటూ వచ్చాను.

బెంగళూరులో రైలాగింది. చెయ్యి పట్టి దించాను. అడుగు తూలింది. ప్లాట్‌ఫారం మీద చక్రాల కుర్చీలో, మెడకు శాలువా చుట్టుకుని, ఎముకలే మిగిలిన ఒకావిడ కనిపించింది. రావొద్దని అందరూ చెప్పినా కొడుకును సతాయించి వచ్చిందట రూతమ్మ. అక్క ఆమె ముందు వంగి ఏదో చెప్పబోయింది. "రూతూ, గా దినం బండిల నేను..." దాకా వచ్చి ఆగి, చెల్లెలి శాలువా సర్దింది.

రూతమ్మ ఆమె ముఖం రెండు చేతులతో పట్టుకుని చూసింది. "నీళ్ళు తాగినవా అక్కా?" అంది.

అక్క తల అడ్డంగా ఊపింది.

"తాగవని నాకెరుకనే. బండెక్కితే నువ్వు తాగవు. గిన్నేండ్ల సంది చూస్తలేనా? గందుకే వచ్చిన." ఒళ్ళోంచి సీసా తీసి, తానే మూత విప్పింది. "ముందుగాల తాగు. గా ముచ్చట తర్వాత చెప్దువు."

ఎస్తేరక్క చెల్లెలి చేతుల్లోంచే చిన్నపిల్లలా గటగటా తాగింది. నీళ్ళు గడ్డం మీంచి కారుతుంటే రూతమ్మ శాలువా అంచు కింద పట్టింది.

తిరుగు ప్రయాణానికి నన్ను పిలిచారు, వెళ్ళిపోయాను. ఆ ముచ్చట తర్వాత చెప్పుకున్నారో లేదో నేను ఎన్నడూ అడగలేదు. చెల్లెలు ముందు పోయింది, కొద్ది నెలలకే అక్క. ఇప్పుడు సీసా విప్పని మనిషి కనిపిస్తే సిగ్గుపడుతోందనో, మొండితనమనో అనుకోను. పని మధ్యలో ఒక్క నిమిషం ఆ మనిషి పక్కన వంగి నిలబడతాను. కొందరు ఏదో చెప్తారు, కొందరు చెప్పరు. నాకు మాత్రం ఎస్తేరక్క గుర్తొచ్చినప్పుడల్లా ఎక్కడున్నా దూప వేస్తుంది. చేతిలో పని వదిలేసి, నిలబడే గ్లాసెడు నీళ్ళు తాగేస్తాను.