బస్తాకు ఇంత ధర్మం

మా డిగ్రీ కాలేజీలో నేను కామర్స్ చెప్పేదాన్ని. లెక్కలు బాగా రాస్తుందని 1984లో ఆడపిల్లల స్కాలర్‌షిప్‌లకు చందాలు పోగుచేసే పని నాకు అప్పగించారు. తొమ్మిదేళ్లు చేశాను. ఒక్కో దుకాణానికి కనీసం మూడుసార్లు పోవాలి. మొదటిసారి షావుకారు ఉండడు. రెండోసారి ఇంకా బోణీ కాలేదంటాడు. మూడోసారి ఇస్తాడు, అదీ అనుకున్న దాంట్లో సగం. క్లాసులయ్యాక సిద్దిపేట బజారంతా తిరిగి ఇల్లు చేరేసరికి కాళ్లు వాచేవి. ఏడాదికి రెండు జతల చెప్పులు అరిగేవి.

1988లో ఒక అడ్తి షావుకారు దొరికాడు. రైతులు తెచ్చిన మక్కలు, వడ్లు అమ్మిపెట్టి కమీషన్ తీసుకునే దుకాణం ఆయనది. వాళ్ల అమ్మ పేరు మీద ఆరుగురు పిల్లలకు తలా ఆరు వందలు ఇస్తానన్నాడు. సగం ఆగస్టు సభలో, సగం జనవరిలో పరీక్ష ఫీజులకు ముందు. ఆ ఏడు ఇంకో దుకాణం మెట్లు ఎక్కే పని లేదని సంతోషించాను.

సభకు తల్లిదండ్రులను కూడా పిలిచాం. ఆరుగురిలో ఒక పిల్లది చిన్నకోడూరు, రెండో సంవత్సరం. ఈ డబ్బు లేకపోతే పరీక్ష ఫీజు కట్టలేనని, చదువు ఆగిపోతుందని నాతో ముందే చెప్పింది. వాళ్ల బాపు తెల్ల రుమాలు చుట్టుకుని ముందు వరుసలో కూర్చున్నాడు. రెండు మాటలు మాట్లాడమని ప్రిన్సిపాల్ మర్యాదకు ఆయన చేతికి మైకు ఇచ్చారు.

ఆయన షావుకారుకు దండం పెట్టాడు.

"ఇరవై ఏండ్ల సంది నేను సేటు దుకాణంలనే మక్కలు పోస్తున్న. బస్తా బస్తాకు ధర్మం కింద పైసలు కోస్తరు. గీ పైసలు యాడికి పోతున్నయో, గుడికో సత్రానికో అనుకుంటుంటి. ఇయ్యాల తెలిసింది. మా పిల్ల సదువుకే ఒచ్చినయి. సల్లగుండాలె సేటు!"

అడ్తి దుకాణాల్లో అది పాత రివాజు. రైతు లెక్కలో కమీషన్, హమాలీ కూలి పోయాక ధర్మం పేరిట ఇంత అని కోసేవారు. అది ఎక్కడికి పోతుందని ఎవరూ అడగరు. హాలంతా చప్పట్లు కొట్టింది. వెనక బెంచీల పిల్లలు ఈలలు వేశారు. షావుకారు తన ముందున్న టీ ముట్టుకోలేదు.

జనవరిలో మిగతా సగం కోసం రెండుసార్లు పోయాను, షావుకారు కలవలేదు. 'మేడం, శనివారం ఆఖరు తేదీ' అని ఆ పిల్ల గుర్తుచేసింది. పందొమ్మిదో తేదీ, గురువారం, మూడోసారి పోయాను.

"నేను మా అమ్మ పేరున ఇచ్చిన మేడం. గా ముసలోడు నలుగుట్ల నన్ను దొంగను చేసిండు" అన్నాడు షావుకారు.

"ఆయన దండం పెట్టిండు గదా సేటూ."

"దండం పెట్టి కొట్టిండు. తప్పైందని ఆయన తోటి చెప్పియ్యండ్రి, గిప్పుడే ఇస్త. అగో, ఆయనే. మక్కలు తెచ్చిండు, అడుగుండ్రి."

కాంటా దగ్గర ఆ పెద్దమనిషే నిలబడి ఉన్నాడు. ధర కోసం దాచుకున్న మక్కలు, పదకొండు బస్తాలు. నన్ను చూసి నవ్వి నమస్కారం పెట్టాడు. ఏం తప్పు చేశాడని చెప్పమనాలో నాకు తోచలేదు. ఇంతలో గుమాస్తా లెక్క రాస్తూ ధర్మం దాకా వచ్చి, షావుకారు వైపు చూసి కలం ఆపాడు.

"రాయి రాయి, ఆగినవేంది?" అన్నాడు పెద్దమనిషి. "ఈసారి ఒక రూపాయి ఎక్కువనే రాయి. మా పిల్ల ఫీజున్నది."

బస్తా దించుతున్న హమాలీ పకపకా నవ్వాడు. "మా పోరగాండ్లకు గూడ రాయి సేటూ, మోసేది మేమే గదా!"

తూకానికి నిలబడ్డ రైతులంతా ఇటు తిరిగారు. షావుకారు గల్లా తెరిచి పద్దెనిమిది వందలు లెక్కపెట్టి నా ముందు పెట్టాడు. గొంతు తగ్గించి అన్నాడు: "ఒచ్చే ఏడు గూడ ఇస్త. గని మీటింగుకు అవ్వలను బాపులను పిలువొద్దు. పిల్లలే రావాలె."

సరే అన్నాను. వాదించడానికి మాటలు ఉన్నాయి. ఆరుగురి ఫీజు చేతిలో పడ్డాక మళ్లీ నోరు తెరిచే ఓపికే లేదు.

మరుసటి ఆగస్టు ఆహ్వానం నేనే రాశాను. 'తల్లిదండ్రులతో సహా' అన్న మాట తీసేశాను. చిన్నకోడూరు పిల్ల అప్పటికి చివరి సంవత్సరంలోకి వచ్చింది. వేదిక మీద కూర్చుంటే కిటికీలోంచి గేటు కనబడుతుంది. గేటు అవతల వాళ్ల బాపు సైకిల్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. అదే తెల్ల రుమాలు. లౌడ్‌స్పీకర్ రోడ్డు దాకా వినబడుతోంది. షావుకారు పేరు చదవగానే లోపలివాళ్లు చప్పట్లు కొట్టారు. బయట ఆయన సైకిల్‌ను నడుముకు ఆనించుకుని, రెండు చేతులూ ఖాళీ చేసుకుని మరీ కొట్టాడు. నా పక్కన కూర్చున్న షావుకారు కూడా అటే చూస్తున్నాడు.

సభ అయ్యాక ఆయనకు ఒక టీ ఇచ్చి రమ్మని అటెండరును పంపాను. గేటు దగ్గర ఎవరూ లేరని కప్పు తిరిగి తెచ్చాడు. ఆ చల్లారిన టీ నేనే తాగాను.