చెట్టుకు కాసే చెనిక్కాయలు

హాస్టలు వార్డెను సుందరరాజుగారికి ఉన్న రోగం ఒక్కటే, అడ్డవాదం. పోనీ గెలుస్తారా అంటే అదీ లేదు! ఇడ్లీని ఉడికించకూడదు, వేయించాలని పూటంతా వాదించి వంటమనిషి మునెమ్మ చేతిలో చిత్తుగా ఓడారు. చిత్తూరు నుంచి తిరుపతికి దారంతా దిగుడే, సైకిలు తొక్కే పనే లేదని వాదించి హాస్టలు పిల్లవాడొకడి చేతిలో ఓడారు. ఓడినందుకు రవ్వంత సిగ్గయినా పడేవారా? ఉత్తరీయం దులుపుకుని చక్కా పోయేవారు.

అది నలభై ఆరో సంవత్సరం, ఇంటరు పరీక్షలు దగ్గరపడ్డాయి. హాస్టల్లో ఉండే ఆదిమూలం నిరుడు తప్పాడు. ఈసారీ తప్పితే చదువు మాన్పించి ఎద్దులా మడకకు కడతానన్నాడు వాళ్ల నాయన. ఆ భయంతో పిల్లవాడికి తిండి లేదు, నిద్ర లేదు. పుస్తకం మూస్తే ఒక్క ముక్క గుర్తుండటం లేదు. చివరికి ట్రంకుపెట్టె భుజానికెత్తుకుని రైలుకు బయలుదేరాడు. గేటు దగ్గర వార్డెనుగారు!

"యాడికబ్బా?"

"మా ఊరు ఏర్పేడుకు సార్. ఈ పరీక్షలు నాతో కాదు."

తిడతారనుకుని ఆదిమూలం తల దించుకున్నాడు. ఆయన తిట్టలేదు.

"మంచిది, పో. అవునూ, మీ ఊళ్లో చెనిక్కాయ చెట్లు ఎంత ఎత్తుంటాయి? కాయలు కోసేదానికి నిచ్చెన ఏస్తారా?"

వేరుశెనగ పండించే రైతుబిడ్డకు ఒళ్లు మండిపోయింది. "చెట్లేంది సార్! అవి నేలలో కాస్తాయి!"

"ఊరుకోప్పా! పువ్వు పైన, కాయ కిందనా? ఎవురికి చెప్తావు?"

"పువ్వు రాలినాక ఊడ దిగుతాది సార్! అది మట్టిలోకి పోయి కాయవుతాది!"

"నేను నమ్మను."

పెట్టె దభీమని నేల మీద పడింది. ఆదిమూలం పుల్ల తీసుకుని మట్టిలో బొమ్మ గీశాడు. ఆకు, పువ్వు, ఊడ, వేరు, వేరుకున్న బుడిపెలు, ఆ బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు, అవి గాలిలోని నత్రజనిని పట్టే తీరు, అన్నీ అరిచి అరిచి చెప్పాడు. అవతల రైలు కూత పెట్టి వెళ్లిపోయిన సంగతే అతనికి తెలియలేదు.

"సరే, ఓడినాను. ఇదంతా యాడ ఉండాది?" అన్నారు సుందరరాజుగారు.

"మా వృక్షశాస్త్రం పుస్తకంలో..." అన్నాడు ఆదిమూలం. ఆ పుస్తకం పెట్టెలో మూసే ఉంది!

ఆయన అప్పటికే ఉత్తరీయం దులుపుకుని వెళ్లిపోయారు. ఆదిమూలానికి ఉన్నట్టుండి భలే ఆకలేసింది. వంటింట్లో కూర్చుని రెండోసారి అన్నం పెట్టించుకుంటూ ఈ గొడవంతా చెబితే మునెమ్మ పగలబడి నవ్వింది.

"చెనిక్కాయ తెలీదా ఆయప్పకు? వాళ్లది ఊరంత చెనిక్కాయ సేను! తల యాలాడేసుకున్న పిలకాయ కనబడితే సాలు, ఆయన ఓడిపోయేదానికి తయారు."

ఆదిమూలానికి ముందు రోషం వచ్చింది, ఆ వెనకే నవ్వొచ్చింది, ఆ పెద్దాయన మీద చెప్పలేనంత ఇష్టం కలిగింది. ఎంగిలి చెయ్యి కడుక్కుని నేరుగా ఆయన గదికి పోయాడు.

"సార్, మీకు చెనిక్కాయ సేను ఉండాదంటనే!"

"ఉండాది. ఆడ చెట్లకే కాస్తాయి," అన్నారు ఆయన, తల ఎత్తకుండా.

"నేను నమ్మను సార్," అన్నాడు ఆదిమూలం. "పరీక్షలు రాసి, వచ్చి సూస్తాను."