క్షమాపణ మీద ప్రసంగం, డిక్కీలో టర్కీ

మొన్న గుడ్ ఫ్రైడే రోజు మా ఫెలోషిప్‌లో అందరూ పగలబడి నవ్వారు. అలాంటి రోజున నవ్వినందుకు ఇప్పుడు అందరూ బాధపడుతున్నారు. బాధపడి ఊరుకోవచ్చుగా, నన్ను తిడుతున్నారు. నవ్వింది వాళ్ళు, తిట్లు నాకు. నేనైతే అసలు నవ్వనే లేదు. నవ్వే పరిస్థితిలో లేను.

మొదట్నుంచీ చెప్తా, టీ తాగుతూ వినండి.

ఐర్లండ్‌లోని మా నేవన్‌లో తెలుగు క్రైస్తవ కుటుంబాలు బాగానే ఉన్నాయి. ఆడవాళ్ళలో ఎక్కువమంది నర్సులు. మొగుళ్ళు నాలాగా ఏదో ఒక ప్లాంట్‌లో పడి ఉంటారు. ఒక పారిష్ హాల్ అద్దెకి తీసుకుని అందులో కూడుకుంటాం. గుడ్ ఫ్రైడేకి అందరం తెల్లబట్టలు కట్టుకుని, ఉపవాసంతో మధ్యాహ్నం మూడింటి దాకా కూర్చుంటాం. సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగిస్తారు, మనిషికో మాట. మనూళ్ళలో లాగే.

నిరుడు నాకు నాలుగో మాట ఇచ్చారు. నైట్ షిఫ్ట్ నుంచి వచ్చి, ఒక్క ఐదు నిమిషాలని సోఫాలో ఒరిగాను. లేచి హాలుకి పరిగెత్తేసరికి ఏడో మాట కూడా అయిపోయి కుర్చీలు ఎత్తుతున్నారు. ట్రాఫిక్ అన్నాను. గుడ్ ఫ్రైడే రోజు నేవన్‌లో ట్రాఫిక్ ఏంటని ఒక్కరూ నమ్మలేదు. మా ఆవిడ సునీత అక్కడ పాటల లీడరు. పాపం ఏడాది పొడుగునా తలెత్తుకోలేకపోయింది. ఈసారి తనే పాస్టర్ గారిని బతిమాలి నాకు మొదటి మాట ఇప్పించింది. క్షమాపణ గురించి.

"నా పరువు మీ చేతిలో ఉందండీ," అంది. "టైముకి రండి. ఆ తెల్లచొక్కా వేసుకోండి. అబద్ధాలు ఆడకండి. ఇంకేం వద్దు నాకు."

ఇంతకంటే తక్కువ కోరే పెళ్ళాం ఎవరికైనా ఉంటుందా చెప్పండి. సరే అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

ఇక టర్కీ కోడి సంగతి. ఈస్టర్ ఆదివారం లంచ్‌కి ఇంటికో ఐటెం తేవాలి. అందరూ పులిహోర, పెరుగుచట్నీ, చికెన్ ఫ్రై అని వాట్సాప్ గ్రూపులో పెడుతుంటే నాకు ఒళ్ళు మండింది. పోయిన పరువంతా ఒక్క దెబ్బతో వెనక్కి తేవాలని, "టర్కీ బిర్యానీ మాది. ఫ్రోజెన్ కాదు, ఫారంలో తిరిగే పక్షి" అని పెట్టేశాను. మా గుంటూరు వైపు వాళ్ళకి ఇదో జబ్బు. కూరలో పడబోయే కోడిని ముందు కళ్ళతో చూసి, చేత్తో ఎత్తి బరువు చూసుకుంటే గానీ మాకు ముద్ద దిగదు. పద్మ ఆంటీ అయితే వెంటనే తన పెద్ద బిర్యానీ గిన్నె పంపించింది. దాన్ని నా కారు డిక్కీలోనే ఉంచాను.

నా ధైర్యం ఏంటంటే, మా ప్లాంట్‌లో నాతో పనిచేసే డెక్లన్ వాళ్ళ నాన్నకి ఊరి బయట ఫారం ఉంది. క్రిస్మస్‌కి టర్కీలు పెంచుతాడు. పోయిన డిసెంబర్లో ఒక మగ టర్కీ తప్పించుకుని చెట్టెక్కింది. ఇక ఎవరికీ చిక్కలేదు. పగలు పొలంలో తిరుగుతుంది, పోస్ట్‌మ్యాన్ వస్తే తరుముతుంది, రాత్రి మళ్ళీ చెట్టెక్కుతుంది.

"పట్టుకో, తీసుకుపో," అన్నాడు డెక్లన్. "పట్టుకుంటే చాలు, మిగతాది డాడీ చూసుకుంటాడు. యూ విల్ బి గ్రాండ్."

ఏం పర్లేదనడానికి ఈ దేశంలో గ్రాండ్ అంటారు. అలా అన్నారంటే జాగ్రత్తగా ఉండాలని ఇన్నేళ్ళకి కూడా నాకు ఎక్కలేదు.

ఎలా పట్టాలా అని వీడియోలు చూశాను. వసంతకాలం టర్కీ వేట మీద కుప్పలు కుప్పలున్నాయి. ఆకుల బొమ్మలున్న బట్టలేసుకుని చెట్టుకి ఆనుకుని కూర్చుంటారు. ఆడ టర్కీలాగా అరుస్తారు. ఈ సీజన్లో మగదానికి ఆ గొంతు వినపడితే చాలు, మతి పోయి పరిగెత్తుకొస్తుందట. నాకు తుపాకీతో పనిలేదు. దగ్గరికొస్తే మీద దుప్పటి వేసేస్తే సరిపోతుంది. వీడియోని స్పీడు పెంచి చూశాను. మధ్యలో సేఫ్టీ అని ఏదో వస్తే దాటేశాను. మనం తుపాకీ పేల్చముగా, మనకెందుకులే అనుకున్నాను.

శనివారం నాకు షిఫ్టు. కాబట్టి మిగిలింది శుక్రవారం పొద్దున్నే. పాటల ప్రాక్టీస్ అని సునీత మా అమ్మాయి జోవన్నాని తీసుకుని పద్మ ఆంటీ కార్లో ముందే వెళ్ళిపోయింది. నేను ఇంట్లో ప్రసంగం చూసుకుంటున్నానని సునీత నమ్మకం. ఇస్త్రీ చొక్కాని కారు వెనక కిటికీ దగ్గర హ్యాంగర్‌కి తగిలించుకుని ఫారానికి బయల్దేరాను.

సన్నగా వాన. ఒంటి మీద ఆకుపచ్చ రెయిన్‌కోట్. చలికి చెవులు తట్టుకోలేవని, నేను ఐర్లండ్ వచ్చేటప్పుడు మా అమ్మ అల్లిచ్చిన మంకీ క్యాప్ పెట్టుకున్నాను. ఎర్రది. ముఖం కూడా కప్పేస్తుంది కాబట్టి వేటకి బాగా పనికొస్తుందని మురిసిపోయాను కూడా.

చెట్టు కింద కూర్చుని మొదలెట్టాను. "క్యావ్. క్యావ్. క్యావ్." ఏమీ లేదు. ఒక ఆవు వచ్చి చూసి వెళ్ళిపోయింది. గొంతు పెంచాను. చాలాసేపటికి దూరంగా, పొదల అవతల, "గబ్లబ్లబ్లబ్" అంది. ఇంకాస్త పిలిచాను. ఇంకాస్త దగ్గరగా అంది. అంతలో తుమ్మొచ్చింది. అంతే, గప్‌చుప్. మళ్ళీ మొదట్నుంచి క్యావ్ క్యావ్. మళ్ళీ వచ్చింది. ఈసారి ఫోన్ మోగింది, పాస్టర్ గారు. ఎత్తలేదు. టర్కీ వెళ్ళిపోయింది. మళ్ళీ క్యావ్ క్యావ్. నా గొంతు బొంగురుపోయింది, ప్యాంటు తడిసి ఒంటికి అతుక్కుంది. ఇంటి గడప దగ్గర మగ్గు పట్టుకుని నిలబడి డెక్లన్ వాళ్ళ నాన్న హాయిగా చూస్తున్నాడు.

ఆఖరికి వచ్చిందండీ. తోక విసనకర్రలా విప్పి, రెక్కలు నేలకి రాసుకుంటూ, పెళ్ళికొడుకులాగా వచ్చింది. పదడుగుల దూరంలో నా తలకాయ చూసి ఆగిపోయింది.

నేను దాటేసిన ఆ సేఫ్టీ ముక్కలో ఏముందో తర్వాత చూశాను. ఎర్రది ఏదీ పెట్టుకోవద్దని మరీ మరీ చెప్పారు. మగ టర్కీ తల ఎర్రగా ఉంటుంది కాబట్టి, ఎర్రగా ఏది కనపడినా పోటీకి ఇంకో మగది వచ్చిందనుకుంటుందట. అంటే దాని లెక్కలో నా గొంతు ఆడది, తలకాయ మగది. నేనేంటో దానికి అర్థం కాలేదు. అది ఏం చేయబోతోందో మాత్రం నాకు బాగా అర్థమైంది.

దుప్పటి అక్కడే పారేసి పరిగెత్తాను. పిక్కల మీద పొడుస్తూ వెనకే వచ్చింది. కారు దగ్గర డిక్కీ తెరిచే ఉంది, దుప్పటి తీసి మూయలేదు నేను. అందులోకి దూకాను. అదీ దూకింది. నేను బిర్యానీ గిన్నె మీదుగా, సీట్ల మీదుగా పాకి ముందు తలుపులోంచి బయటపడి, వెనక్కి తిరిగొచ్చి డిక్కీ మూసేశాను. అదీ నా వేట. ఎరగా కూర్చున్నదీ నేనే, తరిమించుకున్నదీ నేనే.

ముసలాయన కళ్ళు తుడుచుకుంటూ వచ్చాడు. దింపుదామని డిక్కీ కొంచెం ఎత్తితే లోపల్నుంచి నా చేతి మీద ఒక్కటి పొడిచింది. "రేపు తీసుకురా, అప్పుడు చూద్దాంలే," అన్నాడు. టైము చూస్తే సర్వీస్ మొదలయ్యే వేళయింది. ఇక ఆలోచించడానికేముంది, బయల్దేరాను. అద్దంలో చూస్తే పద్మ ఆంటీ గిన్నెలో నిలబడి ఉంది. నా తెల్లచొక్కా దాని ముందే వేలాడుతోంది. చొక్కాకి ఏం జరిగిందో చెప్పను, టీ తాగుతున్నారు కదా.

దారిలో సునీత ఫోన్. కారు స్పీకర్లో మాట్లాడాను.

"ఎక్కడున్నారు? ఏంటా గొంతు?"

"వస్తున్నా. చలిగాలి."

ఎదురుగా లారీ వాడు హారన్ కొట్టాడు. ఈ పక్షికి ఏ పెద్ద శబ్దం వినపడినా బదులివ్వడం అలవాటని అప్పుడే తెలిసింది. "గబ్లబ్లబ్లబ్."

"ఏంటది? కార్లో ఏమైనా ఉందా?"

"ఏం లేదు. రేడియో. ఐరిష్ మ్యూజిక్."

వెనకనుంచి జోవన్నా గొంతు వినపడింది. "మమ్మీ, దట్స్ నాట్ ఐరిష్ మ్యూజిక్."

హాలు దగ్గర కిటికీలు కాస్త దించి కారు పార్క్ చేసి, బురద రెయిన్‌కోట్‌ని గొంతు దాకా జిప్ చేసుకుని పరిగెత్తాను. గుమ్మంలో జోవన్నా నాకోసమే నిలబడి ఉంది. పక్కన హాలు చూసుకునే నోరీన్ ఉంది, తాళాల గుత్తితో. హాల్లోకి జంతువుల్ని తేకూడదని లీజులో రాయించింది ఆవిడే.

"ఆ శబ్దం చేసేది నీ కారేనా, లవ్?"

"నో, నో. నాట్ మైన్."

జోవన్నా కారు వంక చూసింది. నా వంక చూసింది. దానికి మా కారు నంబరు కంఠతా వచ్చు.

లోపల ప్రారంభ గీతం అయిపోయి నాకోసం చూస్తున్నారు. సునీత నా రెయిన్‌కోట్ చూసి కళ్ళు మూసుకుంది. ప్రార్థన చేస్తోందేమో అనుకున్నాను. మైకు ముందు నిలబడి, "ప్రియులారా" అన్నాను. అనబోయాను. పొద్దుట్నుంచి క్యావ్ క్యావ్ అన్న గొంతుకాయె, కీచుమని ఆడ టర్కీ గొంతే వచ్చింది. మైకు దాన్ని ఇంకా పెద్దది చేసింది.

బయట్నుంచి "గబ్లబ్లబ్లబ్."

పిల్లలు తలలు తిప్పారు. నేను వినపడనట్టే మొదలుపెట్టాను. మనల్ని గాయపరిచిన వాళ్ళని క్షమించాలి, అన్నాను. చేతి మీద పొడిచిన చోట సలుపుతోంది. అందరూ "ఆమేన్" అన్నారు. మనవాళ్ళు ఆమేన్ ఎలా అంటారో తెలుసుగా, కప్పు లేచిపోతుంది. బయట్నుంచి ఇంకా పెద్దగా "గబ్లబ్లబ్లబ్." నేను మాట, వాళ్ళు ఆమేన్, అది జవాబు. ఇలా నడిచింది కాసేపు. ముందు వరసలో తెల్లచీరల ఆంటీలు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఏడుస్తున్నారనుకుని ఇంకా భావం పెట్టి చెప్పాను.

చివరికి పాస్టర్ గారు లేచి నా పక్కకొచ్చారు. మైకులోనే అడిగారు. "బయట ఎవరి బండిలోనో కోడి ఉన్నట్టుంది. సుధీర్ బ్రదర్, మీరు ఆఖర్న వచ్చారుగా. మీదేమైనా..."

అందరూ నా వంకే చూస్తున్నారు. సునీత కూడా. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదు. నాకు తెలుసు. నోరు మాత్రం వినలేదు.

"నాకేం తెలీదు పాస్టర్ గారూ."

హాలంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో, ఎవరూ పిలవకుండానే, తీరిగ్గా, "గబ్లబ్లబ్లబ్."

ప్రభువెవరో తెలీదని శిష్యుడు మూడుసార్లు బొంకాక కోడి కూయడం గురించి గుడ్ ఫ్రైడే రోజు మావాళ్ళకి వివరించి చెప్పక్కర్లేదు. అయినా సండే స్కూల్లో ప్రైజు కొట్టిన నా కూతురు ఊరుకుంటుందా. రెండో వరసలోంచి స్పష్టంగా అంది.

"డాడీ, దట్స్ త్రీ."

ఇక ఆపడం ఎవరి తరం కాలేదు. ఉపవాసంతో ఉన్నవాళ్ళు పొట్టలు పట్టుకున్నారు. పాస్టర్ గారు గోడ వైపు తిరిగి నిలబడ్డారు, భుజాలు ఊగుతున్నాయి. అప్పుడే నోరీన్ తలుపు తోసుకుని వచ్చి, సిల్వర్ కార్లో ఒక టర్కీ గిన్నెలో కూర్చుని ఉందని ప్రకటించింది. గిన్నె అనగానే పద్మ ఆంటీ మాత్రం నవ్వడం ఆపేసింది.

సునీత ఒక్కతే నవ్వలేదు. ఇంటికెళ్ళేటప్పుడు ముందు సీట్లో కూర్చుని దారి పొడుగునా కిటికీలోంచి చూసింది. కోపమా అని అడిగాను. జవాబు డిక్కీలోంచి వచ్చింది.

శనివారం షిఫ్టుకి ముందే దాన్ని ఫారంలో దింపొచ్చాను. కోయమంటావా అని ముసలాయన అడిగాడు. క్షమాపణ మీద అంతసేపు చెప్పి వచ్చినవాణ్ణి, ఏ మొహంతో కోయమంటాను? డిక్కీ తెరవగానే నా వంక ఒకసారి చూసి, నడుచుకుంటూ వెళ్ళి అదే చెట్టెక్కింది. ఈస్టర్ లంచ్‌కి మా ఐటెం ఎగ్ బిర్యానీ. గిన్నె మూడుసార్లు వేణ్ణీళ్ళతో కడిగానని ఒట్టేసి చెప్పినా ఎవరూ ముట్టలేదు. నా ఒట్టుకి ఇప్పుడు విలువ లేదట. ఆ గిన్నె ఇక మీరే ఉంచుకోండి అంది పద్మ ఆంటీ.

సునీత శుక్రవారం నుంచి నాతో మాట్లాడలేదు. ఏం కావాలన్నా జోవన్నాతో చెప్పించింది. లంచ్ దగ్గర పాస్టర్ గారు ఒంటరిగా దొరికితే, వచ్చే ఏడాది ఏ మాట ఇస్తారని మెల్లగా అడిగాను.

ఆయన భుజం మీద చెయ్యేసి అన్నారు. "ఏడు మాటలకీ మనుషులున్నారు. మీరు మౌనం తీసుకోండి బ్రదర్."

పక్కనే ప్లేట్లు సర్దుతున్న సునీత, రెండ్రోజుల తర్వాత మొదటిసారి నోరు విప్పి, హాలంతా వినపడేలా "ఆమేన్" అంది.