టీచరమ్మ వెంట మోతి

మంగళవారం పొద్దున జగిత్యాలలో మా బట్టల దుకాణం షట్టరు ఎత్తి అగరుబత్తి ముట్టిస్తుంటే కోరుట్ల నుంచి ఫోన్ వచ్చింది. మా టీచరమ్మ పోయింది. ఆమె చెల్లెలి కొడుకు చెప్పాడు. చాయ తాగి, గ్లాసు పక్కన పెట్టి, గోడకు ఒరిగిందట. కునుకు తీస్తోందనుకుని గంటసేపు ఎవరూ లేపలేదట. "ఏం బాధ పడలేదక్కా" అన్నాడతను. ఆ మాటకే నాకు ఏడుపు ఆగలేదు. అగరుబత్తి చేతిలోనే సగం కాలిపోయింది.

సాయంత్రానికి మా బడి వాళ్ల వాట్సాప్ గ్రూపు నిండిపోయింది. లెక్కలు గొప్పగా చెప్పేదని ఒకరు, పిల్లల మీద చెయ్యెత్తేది కాదని ఒకరు. మొదటిది నిజం. రెండోది రాసినవాడు ఏ బడిలో చదివాడో నాకు తెలియదు. నా అరచేతులకు మాత్రం ఆమె బెత్తం బాగా తెలుసు. అయితే ఒక్కరు కూడా ఆమె కుక్క మోతి గురించి రాయలేదు. మరిచిపోయారని అనుకోను. ఆ రోజుల గురించి మాట్లాడకపోవడం మా దిక్కు జనానికి ఒంటబట్టిన అలవాటు. అందుకే నేను రాస్తున్నాను.

ఆమె సిరిసిల్లలో నేతపని చేసే ఇంట్లో పుట్టింది. పెళ్లయిన రెండేళ్లకే భర్త పోతే, పట్టుబట్టి చదువుకుని ఉద్యోగం తెచ్చుకుంది. పెగడపల్లి అవతల ఉన్న మా ఊరి బడికి వచ్చి, కిరాయి ఇంట్లో ఒక్కతే ఉండేది. నాకు ఏడో తరగతి దాకా ఆమే చెప్పింది. నేను పెళ్లయి జగిత్యాల వచ్చి, మా ఆయనతో పాటు దుకాణంలో కూర్చోవడం మొదలుపెట్టాక మాకు గిరాకీ కూడా అయింది. చీర చేతికిస్తే రంగు చూసేది కాదు. అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపేది. "పోగు సూడకుంట రంగు సూసి కొంటరేందే మీ గిరాకీలు? గందుకే మీ దుకాణం నడుస్తున్నది" అని మా ఆయన ముందే అనేది. ఆయన నవ్వలేక ఏడవలేక తానులు సర్దుకునేవాడు.

ఆమె వెంట ఎప్పుడూ మోతి వచ్చేది. గోధుమ రంగు నాటు కుక్క. ఒక చెవి నిలబడి, ఇంకోటి వంగి ఉండేది. ఇప్పుడంటే కుక్కలను కార్లలో తిప్పుతున్నారు, బట్టలు తొడుగుతున్నారు, పుట్టినరోజులు చేస్తున్నారు. అప్పట్లో కుక్కను వెంటబెట్టుకుని దుకాణాలకు వచ్చే మనిషిని నేను ఆమెనొక్కదాన్నే చూశాను. బస్సులో సీటు కింద, పిండి గిర్ని దగ్గర వరసలో, పోస్టాఫీసు కిటికీ కింద, బడిలో బల్ల కింద, ఎక్కడ చూసినా ఆమె కాళ్ల దగ్గర అది. బస్సు కండక్టరు మొదట్లో గొడవపడ్డాడు. "టీచరమ్మా, గిది బస్సా, గొడ్ల కొట్టమా?" అన్నాడట. "నీ బస్సెక్కినోళ్లల్ల ఉమ్మెయ్యనిది గిదొక్కటే. ముందుగాల గాళ్లను దించు" అని ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుందట. తరువాత తరువాత అతనే మోతికి బిస్కెట్లు వేసేవాడు.

నేనూ ఒకసారి అడిగాను. "ఇంట్ల కట్టేసి రారాదా టీచర్?" అని.

ఆమె ముఖంలో నవ్వు పోయింది. "ఇంట్ల ఇడిసిపెడితె, నేను ఒచ్చేటాళ్లకు ఉండది బిడ్డా" అంది.

ఎందుకుండదో మా ఊళ్లో అందరికీ తెలుసు. నేను దుకాణంలో కూర్చోవడం మొదలుపెట్టిన ఏడాది అడవిలోని అన్నల నుంచి, అంటే నక్సలైట్ల నుంచి, ఒక మాట వచ్చింది. రాత్రిపూట తాము ఊళ్లోకి వస్తే కుక్కలు మొరుగుతున్నాయి, ఆ మొరుగుడే తమ జాడ చెబుతోంది, ఊళ్లో కుక్క ఉండొద్దు అని. కాగితం అంటించలేదు, డప్పు కొట్టించలేదు. మాట చాలింది. వారం తిరగకముందే ఊళ్లో కుక్కలన్నీ పోయాయి. ఎవరి కుక్కకు వాళ్లే అన్నంలో మందు కలిపి పెట్టారు. మా నాన్న కూడా కలిపాడు. ఆ ముద్ద చేసి ఇచ్చింది మా అమ్మ. ఆ తరువాత పుట్టింటికి పోయినప్పుడల్లా అది వేరే ఊరులా అనిపించేది. సందులో నడుస్తుంటే నా చెప్పుల చప్పుడు నాకే భయం పుట్టించేది. టీచరమ్మ కూడా అదే అనేది. "నేను మగ్గాల సప్పుడుల పుట్టినదాన్ని. సప్పుడున్న కాడ నాకు భయంలేదు. గీ ఊరును సూస్తెనే గుబులైతున్నది."

ఆమె మోతికి మందు పెట్టలేదు. మొరగకుండా ఉండటం నేర్పింది. అది నోరు తెరిచినప్పుడల్లా మూతి చుట్టూ చెయ్యి వేసి, మెల్లగా మూసి, కళ్లలోకి చూసేది. కొట్టేది కాదు, తిట్టేది కాదు. మాకు ఎక్కాలు నేర్పేటప్పుడు లేని ఓపిక ఆ కుక్క దగ్గరికి వచ్చేసరికి ఎక్కడ దొరికిందో! నెలన్నర తిరిగేసరికి మోతి మొరగడం మానేసింది. అయినా ఊరివాళ్లకు దాన్ని చూస్తే గుండె దడే. దానివల్ల అందరికీ ఆపద వస్తుందని ఎవరైనా ఏమైనా పెట్టొచ్చు. ఆమె ఎటు పోతే అటు దాన్ని తీసుకుపోయింది అందుకే. సరదాకు కాదు.

మా దుకాణంలో కింద పరుపులు వేసి, వాటి మీద తెల్ల చద్దరు పరుస్తాం. గిరాకీలు చెప్పులు గడప దగ్గర విడిచి, వచ్చి కూర్చుంటారు. మోతి గడప దాటేది కాదు. చెప్పుల మధ్య పడుకుని, టీచరమ్మ చెప్పుల మీద మూతి ఆనించేది. రెండేళ్లలో ఒక్కసారి కూడా చద్దరు మీద కాలు పెట్టలేదు. మా ఆయన మొదట ముఖం మాడ్చుకున్నాడు కానీ, తరువాత మనుషుల పిల్లల కంటే ఇదే నయమని ఒప్పుకున్నాడు.

ఆ రోజుల్లో దుకాణం నడపడమంటే నోరు కుట్టుకుని నడపడమే. ఆకుపచ్చ అడవిలో వాళ్ల యూనిఫాం రంగు కాబట్టి, ఆ బట్ట తానులకు తానులు ఎవరు కొన్నా చెప్పాలని మాకు పోలీసుల హుకుం. మఫ్టీలో ఒక పోలీసు మనిషి రోజుకో దుకాణంలో గంటసేపు కూర్చుని, చాయ తాగి పోయేవాడు. బజారులో చుట్టం ఎదురుపడినా జనం ముందు అటూ ఇటూ చూసి, ఆ తరువాతే పలకరించేవారు. ఎరిగినవాణ్ణి ఎరగనట్టు ఉండటం అందరం నేర్చుకున్నాం. మోతికి మొరగకపోవడం నేర్పిన టీచరమ్మకు, ఈ రెండో విద్య కూడా నేర్పాల్సి ఉంటుందని తట్టలేదు.

ఎండాకాలం, మధ్యాహ్నం. ఆమె చీరలు చూస్తోంది. మోతి చెప్పుల దగ్గర ఉంది. మఫ్టీ మనిషి గోడకు ఆనుకుని చాయ తాగుతున్నాడు. అతను కొత్తగా బదిలీ అయి వచ్చినవాడు, ఎవరు ఎవరో ఇంకా తెలియదు. అప్పుడు ఒక యువకుడు లోపలికి వచ్చి చొక్కా గుడ్డ అడిగాడు. నేను వెంటనే గుర్తుపట్టాను. మా బడిలో నాకంటే రెండు తరగతులు కింద చదివినవాడు. ఏడాదిన్నర కింద ఇల్లు వదిలి అడవికి పోయాడని ఊరంతా ఎరుగుదురు. మీసాలు పెంచాడు, బాగా చిక్కాడు. అతను నన్ను చూసీ చూడనట్టు చూపు తిప్పుకున్నాడు. టీచరమ్మ చీర మీంచి తల ఎత్తలేదు. నేను చేతికందిన గుడ్డలు అతని ముందు పరిచాను.

మఫ్టీ మనిషి పొద్దుపోక అడిగినట్టే అడిగాడు. "ఏ ఊరు మీది?"

"వెల్గటూరు సార్."

"ఈ దిక్కు ఎవరున్నారు?"

"ఎవలు లేరు సార్. ఎరికున్నోళ్లు గూడ లేరు. చెల్లె పెండ్లికి బట్టలు సూద్దామని ఒచ్చిన."

తడబడకుండా చెప్పాడు. నేను ఊపిరి తీసుకున్నాను. సరిగ్గా అప్పుడే మోతి లేచింది. గడప దాటింది. వేడికి మేం వాకిట్లో నీళ్లు చల్లాం. ఆ తడి కాళ్లతో తెల్ల చద్దరు మీద నడుచుకుంటూ, ఇద్దరు గిరాకీలను దాటి, ఒళ్లంతా ఊపుకుంటూ పోయి అతని మోకాలి మీద తల పెట్టింది. గడప నుంచి అతని దాకా మట్టి అడుగులు వరసగా పడ్డాయి. అతను టీచరమ్మ ఇంట్లో అన్నం తింటున్నాడని, తిన్న పళ్లెంలోంచి దీనికీ ఒక ముద్ద పెడుతున్నాడని నాకు ఆ క్షణంలో అర్థమైంది. తరువాత ఎప్పుడో ఆమే చెప్పింది. "ఆకలైతున్నది టీచర్ అని తలుపు కొడితె, నువ్వు ఎవల దిక్కు అని అడిగి అన్నం పెడ్తమా బిడ్డా?"

మఫ్టీ మనిషి గ్లాసు కింద పెట్టాడు. ఆ అడుగుల వరస చూశాడు. "నీ కుక్కా?" అని యువకుణ్ణి అడిగాడు.

"కాదు సార్."

"మరి ఎవరిదీ కుక్క?"

నాది అని టీచరమ్మ అంటే, నీ కుక్కకు వెల్గటూరువాడు ఎట్లా తెలుసు అన్నది తరువాతి ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు లేదు. జీపు ఎక్కిస్తే ఆ యువకుడు తిరిగి రాడు.

"నాది కాదు సార్. బజార్ల తిరిగేది కావచ్చు" అంది టీచరమ్మ. లెక్కకు జవాబు చెప్పినట్టే, గొంతు వణకకుండా.

మఫ్టీ మనిషి నా వైపు తిరిగాడు. "ఏమ్మా, ఈమెదా?"

"కాదు సార్. ఊరకుక్క. ఎవలు కూసున్నా గిట్లనే మీద పడ్తది" అన్నాను.

అతను లేచి, మేం బట్ట కొలిచే ఇనుప గజం తీసుకుని మోతి వీపు మీద కొట్టాడు. అది మొరగలేదు. చద్దరుకు అతుక్కుపోయి టీచరమ్మ వైపు చూసింది. మళ్లీ కొట్టాడు. అప్పుడూ మొరగలేదు. "చూశారా? దెబ్బ తిన్నా మొరగని కుక్క ఎక్కడైనా ఉంటుందా? దీనికి పిచ్చి లేచింది" అని, ఎదురుగా ఉన్న హోటల్ నుంచి ఇద్దరిని కేకేశాడు. వాళ్లు మెడకు తాడు వేసి ఈడ్చుకుపోయారు. గడప దగ్గర మోతి ఒక్కసారి నోరు తెరిచింది. ఆమె చెయ్యి వచ్చి మూస్తుందనుకుందేమో, తనే మూసుకుంది.

"గా ఎర్రంచుది సూపియ్యి బిడ్డా" అంది టీచరమ్మ.

చూపించాను. ఆమె అంచు నలుపుతూ కూర్చుంది. పక్క సందులో కట్టెల దెబ్బలు వినపడ్డాయి. కుక్క గొంతు వినపడలేదు. యువకుడు గుడ్డ తీసుకుని, తొందరపడకుండా, వెనక్కి చూడకుండా పోయాడు. మఫ్టీ మనిషి చాయ పూర్తి చేసి పోయాడు. ఆమె వేళ్ల మధ్య చీర అంచు పోగులు పోగులుగా విడిపోయింది.

భయంతో నేను ఆ సాయంత్రమే మోతి అడుగులు పడ్డ చద్దరు ఉతికేశాను. తరువాతి వారం ఆమె మొదటిసారి ఒక్కతే వచ్చింది. గడప దగ్గర చెప్పులు విడిచి, వాటి వైపే చూస్తూ నిలబడింది. "గా చద్దరేదే?" అని అడిగింది.

"పిండేసిన టీచర్."

"మంచిపని జేసినవ్" అంది కానీ, ఆ చద్దరు కోసమే వచ్చిందని నాకు తెలిసిపోయింది. నేను ఆమె చేతులు పట్టుకుని ఏడ్చాను. ఆమె ఏడవలేదు. "నువ్వు నా కోసం కాదన్నవు. గా పాపం నాది, నీది గాదు. ఇంకోసారి ఏడిస్తె బెత్తం తెస్త" అంది.

మూడు నెలలకు పేపర్లో వచ్చింది, ఎదురుకాల్పుల్లో ఆ యువకుడు చనిపోయాడని. నేను కోపం పట్టలేకపోయాను. "ఏం ఫాయిద అయింది టీచర్?" అని అడిగేశాను.

ఆమెకు అంత కోపం రావడం నేను బడి వదిలాక చూడటం అదే మొదటిసారి. "మూడు నెలలు ఎక్కువ బతికిండు. గా నడుమ ఒక్కపూట ఇంటికొచ్చి వాళ్లమ్మ చేతి అన్నం తిన్నడు. గా తల్లే నా కాడికొచ్చి చెప్పింది. ఫాయిద లేదంటవా?" అంది. మెల్లగా, "మోతికే నేను జవాబు చెప్పలేను" అంది.

మళ్లీ కుక్కను పెంచలేదు. రిటైరయ్యాక కోరుట్లలో చెల్లెలి ఇంటికి చేరింది. చివరి రెండేళ్లు మతి కొంచెం జారింది. నన్ను ఒకసారి చెల్లె అనుకునేది, ఒకసారి బడిపిల్ల అనుకుని ఎక్కం అప్పజెప్పమనేది. నేను అప్పజెప్పేదాన్ని. ఆమె నాకు చదువే కాదు, నోరు మూసుకోవాల్సిన వేళ ఎంత ఖరీదు కట్టాలో కూడా చూపించింది. అది నేర్పినందుకు దండం పెట్టాలో, ఆ కాలాన్ని తిట్టుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

పోయిన ఏడాది ఆమెను కోరుట్లలో కొత్తగా తెరిచిన పెద్ద షాపుకు తీసుకుపోయాను. అక్కడ ఒక అమ్మాయి తన బొచ్చుకుక్క తాడు వదిలేసి చెప్పులు తొడిగి చూసుకుంటోంది. ఆ కుక్క తిరిగి తిరిగి వచ్చి, టీచరమ్మ పాదాల మీద పడుకుంది. ఆమె బిగుసుకుపోయింది. అద్దాలు, దీపాలు, మెట్లు, తలుపు, అన్నీ ఒక చుట్టు చూసి నా మణికట్టు పట్టుకుంది. "ఎవలు సూస్తున్నరు?" అంది చెవిలో.

ఖాకీ రంగు యూనిఫాంలో ఉన్న గార్డు కర్ర పట్టుకుని మా వైపే వచ్చాడు. "అమ్మా, గీ కుక్క ఎవలది? లోపటికి తేవద్దు."

టీచరమ్మ నేల మీద చతికిలబడింది. రెండు చేతులతో కుక్క మెడ చుట్టేసింది. "నాది" అంది. గొంతు వణికింది. "నాదే సారూ. గిది నాదే. నేనే తీస్కచ్చిన."

గార్డు నా వైపు చూశాడు.

"ఆమెదే" అన్నాను.

ఒక కాలికి కొత్త చెప్పుతో నిలబడ్డ ఆ అమ్మాయి నోరు తెరిచి, నా ముఖం చూసి ఆగిపోయింది. కర్ర దగ్గరికి వచ్చేసరికి కుక్క గట్టిగా మొరిగింది. ఆమె చెయ్యి దాని మూతి దాకా పోయింది. నేను చూస్తూనే ఉన్నాను, ఆ చెయ్యి అక్కడ ఆగింది. మెల్లగా వెనక్కి వచ్చి దాని తల మీద పడింది.

"మొరుగు బిడ్డా" అంది టీచరమ్మ, కర్ర మీంచి చూపు తీయకుండా. "మొరుగు."