కండక్టర్ తాతయ్య కిటికీ డ్యూటీ

మా నర్సరీలు నాలుగు. పెద్ద బ్రాంచి, మేడ బ్రాంచి, పార్కు బ్రాంచి, స్టేషన్ బ్రాంచి. నాలుగింటికీ కలిపి కాలానికొకసారి ఒక వార్తల కాగితం వేసి తల్లిదండ్రులకు పంచుతాం. అది రాసేది నేనే. పదకొండేళ్ళుగా రాస్తున్నాను. అబద్ధం ఒక్కటీ రాయలేదు, అలాగని నిజం మొత్తం ఎప్పుడూ రాయలేదు. "పిల్లలు మట్టితో పరిచయం పెంచుకున్నారు" అని రాశానంటే ఎవడో పూలకుండీలో మట్టి తిన్నాడని అర్థం. "ఇచ్చిపుచ్చుకోవడం నేర్చుకున్నారు" అంటే జలుబు నాలుగు బ్రాంచీలకూ పాకిందని.

ఈ వానాకాలం కాగితంలో "కొత్తగా చేరిన ముప్పయ్యారుమంది పిల్లలూ చక్కగా అలవాటు పడ్డారు" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను. ముప్పయ్యైదుమంది సంగతి నిజంగా అంతే. ముప్పయ్యారో పిల్ల అలవాటు పడటానికి మాత్రం ఒక పెద్దమనిషి పరువంతా పోవాల్సి వచ్చింది.

ఆ పెద్దమనిషిని అందరూ కండక్టర్ తాతయ్య అంటారు. మా గేటు మనిషి. ముప్పై రెండేళ్ళు సిటీబస్సులో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. రిటైరైన మూడోనెలకే ఇంట్లో ఊరికే కూర్చోలేక, కుళాయి దగ్గర ఇరుగుపొరుగు వాళ్ళని వరసలో నిలబెట్టడం మొదలుపెట్టాడట. పోట్లాటలు సర్దలేక ఆయన భార్య దణ్ణం పెట్టి, "ఎక్కడైనా గేటు దొరికితే పోయి నిలబడండి" అందట. అలా మా దగ్గర తేలాడు. ఆవిడ పోయి ఆరేళ్ళయింది, ఈయన గేటు వదల్లేదు. మనిషి బక్కపలచన, గొంతు మాత్రం బస్సు ముందునుంచి వెనక సీటు దాకా వినపడే గొంతు. వానొచ్చే కబురు ముందు ఆయన మోకాళ్ళకి తెలుస్తుంది, తర్వాతే రేడియోకి.

కొత్త పిల్లలు చేరే రోజుల్లో ఆయన కోసం నాలుగు బ్రాంచీలూ జుట్లు పట్టుకుంటాయి. తల్లి కొంగు పట్టుకుని వేలాడే పిల్లని విడదీయడంలో ఆయనకి సాటి లేరు. కిటుకేమిటంటే, ఆయన పిల్లల్ని అసలు పట్టించుకోడు. ఆయన గురి తల్లుల మీద.

"దిగేవాళ్ళు ముందు దిగాలమ్మా. మీరు దిగండి."

"ఒక్క నిమిషం తాతగారూ, వాడు ఏడుస్తున్నాడు."

"మీరు వెళ్తే వాడు మూడు నిమిషాలు ఏడుస్తాడు. ఉంటే ముప్పై నిమిషాలు. మీకేది కావాలో చెప్పండి."

తల్లి నోరు తెరిచేలోపు ఆయన జేబులోంచి పాత టికెట్ల మిషను తీసి, ఒక రంగు కాగితానికి కటుక్కున చిల్లు పెట్టి పిల్లవాడి చేతిలో పెడతాడు. "ఇది రిటర్న్ టికెట్. సాయంత్రం అమ్మ వచ్చినప్పుడు చూపించాలి. పోగొట్టావో, మళ్ళీ ఇవ్వను, ఆ!" ఇంక ఆ పిల్లవాడికి ఏడవడానికి తీరికెక్కడిది? టికెట్ కాపాడుకోవాలి కదా. ఏటా ఇద్దరు ముగ్గురు ఆ టికెట్ నమిలి మింగేస్తారు. అది నేను కాగితంలో రాయను.

ఆయనకి అన్నిటికన్నా ఒళ్ళుమంట కిటికీ దగ్గర తచ్చాడేవాళ్ళంటే. వెళ్ళిపోయినట్టే వెళ్ళి, గోడ చుట్టూ తిరిగొచ్చి, కిటికీలోంచి తొంగిచూసే అమ్మమ్మలు, నాన్నలు ఉంటారు చూడండి, వాళ్ళు. "ఫుట్‌బోర్డు ప్రయాణం కుదరదు! ఎక్కితే ఎక్కండి, దిగితే దిగండి!" అని వీధంతా వినపడేలా అరుస్తాడు. పోయినేడు ఒక అమ్మమ్మకి రోషం వచ్చింది. "నీకూ ఒక మనవరాలుంటే తెలిసేదయ్యా నొప్పి" అంది.

"ఉందమ్మా, రెండేళ్ళది. వచ్చే ఏడు ఇక్కడే చేరుతుంది. అప్పుడు వచ్చి చూడండి, నేనుగాని ఆ కిటికీ ఛాయలకి వెళ్ళానేమో" అన్నాడు ఈయన. పెద్దలు ఊరికే అన్నారా, నోరు మంచిదైతే ఊరు మంచిదని.

చెప్పినట్టే ఈ ఏడు మనవరాలు చేరింది. బుడంకాయ అంటారు ఇంట్లో. గుండ్రంగా, గట్టిగా, ఎటు తోస్తే అటు దొర్లేలా ఉంటుంది. దాని తల్లి, అంటే తాతయ్య ఒక్కగానొక్క కూతురు, మూడేళ్ళు పిల్లతో ఇంట్లో ఉండి ఇప్పుడే బట్టల కంపెనీలో ఉద్యోగం సంపాదించుకుంది. కుట్టిన చొక్కాలకి కొలతలు సరిచూసే పని. అల్లుడు లారీ తోలతాడు, ఇల్లు చేరేది పదిరోజులకోసారి. ఆ ఉద్యోగం ఆమెకి ఎంత ముఖ్యమో, చేరిన రోజు ఆమె ఇస్త్రీ చేసుకొచ్చిన చున్నీ చూస్తేనే తెలిసింది నాకు. మొదటినెల పరీక్ష. నచ్చితే ఉంచుతారు, లేకపోతే పంపేస్తారు.

బుడంకాయని పార్కు బ్రాంచిలో వేశారు. నా టేబులు కూడా అక్కడే, మెట్ల కింద. సొంతవాళ్ళు చదివే బ్రాంచిలో పని చేయకూడదని మాకో నియమం ఉంది. దాన్ని పట్టుబట్టి పెట్టించింది ఈ తాతయ్యే. కాబట్టి ఆయన్ని పావుగంట నడక దూరంలో ఉన్న మేడ బ్రాంచి గేటుకి మార్చారు. "అదే సరైన పద్ధతి" అని మీసం కూడా దువ్వుకున్నాడు.

సోమవారం బుడంకాయ నవ్వుతూ వచ్చింది, నవ్వుతూ ఆడుకుంది. పదీ ఇరవైకి ఉన్నట్టుండి కొంపలు మునిగినట్టు ఏడ్చింది. ఇరవై ఐదు నిమిషాలు. మంగళవారం కూడా సరిగ్గా పదీ ఇరవైకే, ఈసారి అరగంట దాటింది. కొత్త పిల్లలెవరైనా అరగంట దాటి ఏడిస్తే తల్లికి ఫోన్ చేయాలని మా పద్ధతి. చేశారు. ఆమె పని మధ్యలో వదిలేసి పరుగెత్తుకొచ్చింది. బుధవారమూ అదే కథ.

టీచర్లందరూ కూర్చుని తర్జనభర్జన పడ్డారు. పాల వాసన పడలేదేమోనని పాలు పదిన్నరకి మార్చారు. ఫ్యాను చప్పుడేమోనని ఫ్యాను ఆపి అందరూ చెమటలు కక్కారు. గోడమీద సింహం బొమ్మ కోపంగా చూస్తోందని దాన్ని పీకి మెట్లకింద నా నెత్తిమీద తగిలించారు. చిన్న టీచరైతే తన చెవి లోలాకులు తీసేసి వచ్చింది. బుడంకాయ అన్నిటినీ ఆదరించి, పదీ ఇరవైకి ఏడ్చింది.

బుధవారం సాయంత్రం దాని తల్లి నా టేబులు దగ్గర ఆగింది. పిల్ల భుజం మీద నిద్రపోతోంది. "అక్కా, ఇంకొక్క ఫోన్ వచ్చిందంటే రేపట్నుంచి రావొద్దన్నాడు సూపర్‌వైజరు. నాకు దీన్ని తిట్టబుద్ధి కాదు, మిమ్మల్ని అనబుద్ధి కాదు. ఏం చేయను?" అంది. నాకు అంత తెలిస్తే పదకొండేళ్ళుగా వార్తలెందుకు రాస్తాను, సలహాలు రాసేదాన్ని కదా.

గురువారం నేనే క్లాసులో కూర్చున్నాను, వానాకాలం వార్తల కోసమని వంకపెట్టి. వసారాలో చిన్న చిన్న రెయిన్‌కోట్లు నీళ్ళు కారుతున్నాయి. తడిసిన సాక్సుల కంపుకి కళ్ళు తిరుగుతున్నాయి. పిల్లలు టబ్బులో కాగితం పడవలు వేస్తున్నారు. టీచరు కిటికీకి వీపు పెట్టి, పిల్లలకి ఎదురుగా కూర్చుంటుంది. నేను పిల్లల వరసలో, మోకాళ్ళు గడ్డానికి తగిలే బుల్లి కుర్చీలో ఇరుక్కున్నాను. అందుకే నాకు కనిపించింది.

పదీ ఇరవైకి కిటికీ అడుగున ఒక నల్లగొడుగు లేచింది. దాని కింద రెండు కళ్ళద్దాలు. బుడంకాయ మొహం వెలిగిపోయింది, "తాతా!" అంది, పిల్లల గోలలో టీచరుకి వినపడలేదు. కళ్ళద్దాలు దబ్బున మునిగిపోయాయి. బుడంకాయ ఒక్క క్షణం ఆగింది, తర్వాత రాగం అందుకుంది.

నేను వెనకదారిన బయటికి పరుగెత్తాను. పూలకుండీల మధ్య బురదలో గొంతుక్కూర్చుని ఉన్నాడు మహానుభావుడు. నన్ను చూసి లేవబోయాడు, మోకాళ్ళు లేవనివ్వలేదు.

"ఇక్కడేం చేస్తున్నారు తాతయ్యా?"

"పైపు చూస్తున్నా."

"ఏ పైపు?"

అటూ ఇటూ చూశాడు. ఆ గోడకి పైపే లేదు. "అదే, లేదేమిటా అని చూస్తున్నా."

"నాలుగు రోజులుగా పసిదాన్ని ఏడిపిస్తోంది మీరా?"

"నేనా! అమ్మాయ్, నోరు జారకు. అది ఏడుస్తోందనే కదా నేను రోజూ పదింటి టీ మానేసి వస్తున్నా. ఇంకో ఫోన్ వెళ్తే దాని తల్లి ఉద్యోగం పోతుంది. రోజూ నేనిలా వచ్చి కూర్చుంటానో లేదో, లోపల ఏడుపు మొదలు. సరిగ్గా ఏడ్చే టైముకే వస్తున్నా, దేవుడున్నాడు అనుకున్నా."

"మీరు వచ్చేదాకా అది పడవలేసుకుని నవ్వుతోంది తాతయ్యా. మీ తల కనపడింది, పిలిచింది. మీరు దాక్కున్నారు, ఏడ్చింది. ఆగిందా అని మళ్ళీ తల ఎత్తుతారు, మళ్ళీ మొదలు."

"నేను కనపడుతున్నానా?" అన్నాడు మెల్లగా. కిటికీలు పిల్లల ఎత్తుకి పెట్టించామన్న సంగతి ముప్పై రెండేళ్ళు బస్సు కిటికీలు చూసిన మనిషికి తట్టలేదు. నాకు నవ్వూ వచ్చింది, నాలుగు తగిలిద్దామనీ అనిపించింది.

అంతలో లోపలినుంచి, ఎవరికో కలిపిన ఫోన్ అవతల రింగవుతున్న చప్పుడు వినపడింది. చిన్న టీచరు మంచిపిల్ల. అరగంట దాకా ఆగితే పాపం ఆ తల్లికి ఇబ్బందని, ఇవాళ ముందే కబురు చెబుదామనుకుందట. మంచితనంతో ఉద్యోగాలు ఎలా ఊడతాయో ఆ పిల్లకి ఇంకా తెలీదు. నేను కదిలేలోపే తాతయ్య లేచాడు. ఆ మోకాళ్ళతో ఎలా లేచాడో ఆయనకే తెలీదు. గొడుగు వదిలేసి, బురదకాళ్ళతో, వసారా దాటి, రెయిన్‌కోట్లు రెండు కిందపడేసి, క్లాసులోకి దూకాడు.

"పెట్టెయ్యమ్మా ఫోన్! ఏడిపించింది నేనే! కిటికీ దగ్గర రోజూ నేనే! దానికి ఫోన్ చెయ్యకు, దాని ఉద్యోగం పోతుంది!"

మా టీచర్లకి రెండు చేతుల్లోనూ పిల్లలుంటారు కాబట్టి ఫోను ఎప్పుడూ స్పీకర్లోనే మాట్లాడతారు. అప్పటికే ఆ చివర ఎత్తారు.

"నాన్నా?" అంది ఫోను.

తాతయ్య నిలుచున్నచోటే బిగుసుకుపోయాడు. బుడంకాయ ఏడుపాపి వచ్చి ఆయన కాలు పట్టుకుంది.

"పిల్ల బానే ఉందా?" అంది కూతురు. సూపర్‌వైజరు అటు వెళ్ళిన సందు చూసుకుని గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"బంగారంలా ఉందమ్మా. నువ్వు రాకు. తప్పు నాది. ఒక్కసారి చూసి పోదామని..."

"నాలుగు రోజులు వెళ్ళావు."

"ఆ."

ఆమె ఉన్నట్టుండి అడిగింది. "నన్నెప్పుడైనా బడికి దింపావా నాన్నా?"

"నీకు తెలుసు కదమ్మా. మొదటి బస్సు డ్యూటీ."

"తెలుసు. నేనేం అనలేదు కూడా ఎప్పుడూ. గేటు దగ్గర అందరూ వాళ్ళ నాన్నల్ని చూసి ఏడుస్తుంటే, నేను గమ్మున లోపలికెళ్ళి కూర్చునేదాన్ని. నేనెవర్ని చూసి ఏడవను?" అంది. వెంటనే కోపం తెచ్చుకుంది. "దాని జోలికి వెళ్ళకు. దాని బతుకు దాన్ని బతకనీ. అంతగా దింపాలనుంటే రేపట్నుంచి నన్ను దింపు!" అని ఫోన్ పెట్టేసింది.

క్లాసులో పద్దెనిమిదిమంది పిల్లలు నోళ్ళు తెరుచుకుని ఆయన్నే చూస్తున్నారు. తాతయ్యకి చివాట్లు పడటం వాళ్ళు చూడటం అదే మొదలు. ఆయన బుడంకాయ చేతులు మెల్లగా విడదీసి, దాన్ని పడవల టబ్బు దగ్గర కూర్చోబెట్టి, ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోయాడు. వసారాలో పడేసిన రెయిన్‌కోట్లు తీసి తగిలించాకే వెళ్ళాడు. అంతసేపూ ఆయన్ని తిట్టడానికి సిద్ధం చేసుకున్న మాటలన్నీ మింగేశాను.

ఆమె ఆ మాట కోపంలో అంది. కానీ మా తాతయ్య మాట వరసకి అన్నదాన్నీ డ్యూటీ చార్టులాగే చదువుతాడు. శుక్రవారం పొద్దున్న ఏడున్నరకల్లా కూతురి గుమ్మంలో నిలబడ్డాడట, ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని. "నేను ఊరికే అన్నాను నాన్నా" అంటే, "నేను ఊరికే రాలేదు, పద, ఆలస్యమవుతుంది" అన్నాడట. ఇద్దరూ కలిసి బుడంకాయని మా గేటు దగ్గర వదిలారు. అది తాతని తల్లితోపాటు చూసి, టాటా చెప్పి, లోపలికి దొర్లుకుంటూ పోయింది. పదీ ఇరవైకి మేమంతా ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. బుడంకాయ పక్కవాడి పడవ లాక్కుంది, ఏడ్చింది వాడు.

తర్వాతి సంగతి ఆ సాయంత్రం కూతురే నాకు చెప్పింది. కంపెనీ గేటు దాకా ఆయన ఆమె వెంటే నడిచాడట. గేటు దగ్గర ఆయన ఆమె చేతిలో టిఫిన్ డబ్బా పెట్టి, "వెళ్ళమ్మా" అన్నాడట. ఆమె లోపలికి నడిచింది. గేటు దగ్గర గార్డు ఈయన్ని అడగడం ఆమెకి వినపడింది.

"ఎవరు కావాలి పెద్దాయనా?"

"ఎవరూ అక్కర్లేదు బాబూ. మా అమ్మాయిని దింపడానికొచ్చా."

"మొదటిరోజా?"

ఆమె అక్కడ పనిలో చేరి అప్పటికి ఐదోరోజు. ఆయన మాత్రం, "అవును బాబూ, మొదటిరోజే" అన్నాడట.

ఆ పూట ఆమె చూసిన మొదటి పది చొక్కాల కొలతలూ కళ్ళు తుడుచుకుని మళ్ళీ తీయాల్సి వచ్చిందట.