దించిన యాభై ఎనిమిది కిలోలు

మనిషిని చూస్తే ఎన్ని కిలోలో చెప్పగలను. గద్వాల మార్కెట్ యార్డులో ఇరవై మూడేళ్లుగా కాంటా దగ్గర నిలబడుతున్నాను. చదివింది ఏడో తరగతి. ఆ పైన నాకు వచ్చిన లెక్కలన్నీ నేల మీద పుల్లతో గీసి నేర్చుకున్నవే. రైతు పల్లికాయ బస్తా బండి మీంచి దించక ముందే బరువు చెప్పి, తర్వాత కాంటా మీద అదే అంకె చూపించడం నాకొక సరదా. తేడా వస్తే అరకిలో వస్తుంది. ఈ విద్యతో యార్డులో నాకు మర్యాద దొరికింది. ఇంట్లో ఉన్న మర్యాద కూడా దీనితోనే పోయింది.

నా భార్యది కృష్ణ ఒడ్డు ఊరు. ఆమె తండ్రి పుట్టి నడిపేవాడు. వెదురు బద్దలతో గుండ్రంగా అల్లి, అడుగున తారు పూసిన పట్టా బిగించిన పెద్ద గంపలాంటి పడవ అది. వంతెన పడకముందు అవతలి ఒడ్డుకు మనిషి పోవాలన్నా, మేక పోవాలన్నా అదే దిక్కు. నా భార్య పదేళ్లకే తెడ్డు పట్టింది. ఎవరిని ఎక్కడ కూర్చోబెడితే పుట్టి ఒరగదో ఆమెకు చూపుతోనే తెలిసేది. పెళ్లయి మా ఊరికి వచ్చాక బోరు నీళ్లు తప్ప ఆమె చూసిందేమీ లేదు.

పెళ్లయిన కొత్తలో ఒకరోజు రేవులో ఉన్నాను. పుట్టి నిండింది. మామ వంగి, నీటి అంచుకూ పుట్టి అంచుకూ మధ్య అరచెయ్యి అడ్డంగా పెట్టి చూశాడు. నీళ్లు నెమ్మదిగా ఉన్నప్పుడు అంచు బెత్తెడు, అంటే నాలుగు వేళ్లు, పైకి ఉండాలి. ఏరు పొంగినప్పుడు జానెడు ఉండాలి. అది ఆయన లెక్క. ఆ రోజు ఏరు ఎర్రగా పారుతోంది, అంచు జానెడు లేదు. పుట్టిలో ఊరి పెద్ద ఒకాయన రెండు ఎరువు బస్తాల మధ్య కూర్చుని ఉన్నాడు. పక్కన గొర్రెపిల్లను ఒళ్లో పెట్టుకున్న ఒక ముసలామె.

"పటేలా, జర దిగు," అన్నాడు మామ.

"నన్ను దించుతవా? గా ముసల్దాన్ని దించరాదా?"

"గామెను దించితే గొర్రెపిల్లంత తగ్గుతది. నువ్వు దిగితే పుట్టి గట్టెక్కుతది."

పుట్టిలో అందరూ నవ్వారు. ఆయన తిట్టుకుంటూ దిగాడు. తర్వాత మామ నాతో అన్న మాట ఇది: "అల్లుడా, దించేటప్పుడు బరువు చూడాలె. మొకం చూసినవనుకో, అందరిని ముంచుతవు." నాకు ఆ బెత్తెడు, జానెడు లెక్క బాగా నచ్చింది. ఇంటికి వచ్చి నేల మీద బొమ్మ గీసి, ఎన్ని కిలోలకు అంచు ఎన్ని వేళ్లు దిగుతుందో రాసుకున్నాను. మొకం సంగతి రాసుకోలేదు.

వంతెన పడ్డాక పుట్టి మామ ఇంటి వెనక బోర్లా పడింది. దాని కింద కోళ్లు పడుకునేవి. మామ పోయిన ఏడాది నా భార్య దాన్ని మళ్లీ ఏట్లోకి తీసుకుపోదామంది. తిరగేసి చూస్తే అడుగంతా చివికిపోయింది. అప్పటినుంచి ఆమె నోట ఒకటే మాట: "ఒక్కసారి నీళ్ల మీద కూసోవాలె." నేను నవ్వేసేవాణ్ణి. నీళ్ల మీద ఏముంది, నీళ్లే కదా అనేవాణ్ణి.

కిందటేడు దసరా సెలవుల్లో ఆమె చెల్లెలు, చెల్లెలి మొగుడు తమ కారులో మమ్మల్ని సముద్రానికి తీసుకుపోతామన్నారు. వాళ్లుండేది రాయచూరులో. అక్కణ్ణుంచి కర్ణాటక తీరం ఒక పగటి ప్రయాణం. ఇంటర్ చదివే మా కూతురు ఫోన్‌లో చూసి, అక్కడ ఏమేమి ఉన్నాయో చదివి వినిపించింది. నీళ్ల మీద ఉరికే స్కూటర్లు, గాలిలోకి లేపే గొడుగులు, ఇంటిల్లిపాది కలిసి కూర్చునే బనానా బోటు.

"నాయినా, దీంట్ల అయిదేండ్ల పిల్లలు గూడ ఎక్కుతరంట. అందరికి జాకెట్లు ఇస్తరు. అమ్మ గూడ ఎక్కొచ్చు. చీరతోని మాత్రం ఎక్కనియ్యరంట."

నా భార్య ఆ సాయంత్రమే దర్జీ దగ్గరికి పోయింది. నలభై ఒక్క ఏళ్ల వయసులో మొదటిసారి పంజాబీ డ్రెస్ కుట్టించుకుంది. చిలకపచ్చ రంగు. ప్రయాణం రోజు అది సంచిలో అన్నిటికన్నా పైన ఉంది.

సముద్రం దగ్గరికి చేరేసరికి సాయంత్రం నాలుగున్నర. ఒడ్డంతా కొబ్బరిచెట్లు, ఆ వెనక గదులు. ఆమె డ్రెస్ వేసుకుని బయటికి వస్తే చెల్లెలు చప్పట్లు కొట్టింది.

"అక్కా, కాలేజి పిల్ల లెక్కున్నవు! బావ గుర్తుపడతడో లేదో."

"గుర్తుపట్టకుంటే మంచిదే. ఎన్ని కిలోలున్ననో చెప్పకుంట ఊకుంటడు."

నేనూ నవ్వాను. మొత్తం ఆరుగురం. బోటు కూడా ఆరుగురిదే. అది నిజంగా అరటిపండు లాగే ఉంది. పసుపు రంగులో, గాలి నింపిన పొడుగాటి ట్యూబు. దాని మీద ఒకరి వెనక ఒకరు కాళ్లు రెండు పక్కలా వేసుకుని కూర్చుంటే, ముందు ఒక మోటారు పడవ తాడుతో లాక్కుపోతుంది. బోటతను నా వయసువాడే, కన్నడం మాట్లాడుతున్నాడు. "బన్ని, బన్ని, ఇదే లాస్ట్ రౌండ్," అని రమ్మంటూ తొందర పెట్టాడు. సూర్యుడు కిందికి దిగాక బోట్లు నడపరట.

నా భార్య తొందర పడలేదు. కొడుకు జాకెట్ పట్టీలు తానే బిగించింది. పదకొండేళ్ల వాడు ఊపిరాడటం లేదని అరిచినా వినలేదు. ఎవరెక్కడ కూర్చోవాలో ఆమే చెప్పింది. బరువైనవాళ్లు ముందు, పిల్లలు నడుమ, చివర తాను. చిన్నప్పుడు రేవులో తండ్రి పక్కన నిలబడి చేసిన పనే. ఎక్కేముందు వంగి సముద్రపు నీళ్లు ముట్టుకుని కళ్లకద్దుకుంది. పుట్టి తోసేముందు మామ అట్లాగే చేసేవాడు.

ఆరుగురం కూర్చున్నాం. బోటు మోకాలి లోతు నీళ్లలో ఊగుతోంది. నేను వంగి అరచెయ్యి పెట్టి చూశాను. బెత్తెడు లేదు. మూడు వేళ్లే. ఏరు పొంగితేనే జానెడు ఉండాలన్నప్పుడు సముద్రానికి ఎంత ఉండాలి? బరువులు కూడాను. ముందు కూర్చున్న చెల్లెలి మొగుడు ఎనభై నాలుగు, చెల్లెలు అరవై మూడు, నేను అరవై ఒకటి, కూతురు నలభై ఆరు, కొడుకు ముప్పై ఒకటి, నా భార్య యాభై ఎనిమిది. మొత్తం మూడు వందల నలభై మూడు.

"బరువెక్కువైంది," అన్నాను.

"ఏనూ ఆగల్ల సార్," అన్నాడు బోటతను. ఏమీ కాదని. లోపలంతా గాలే, ఎనిమిది మందిని కూడా తీసుకుపోయానని చేతులతో చూపించాడు.

"అన్నా, కాంటా యార్డుల పెట్టి రాలేదా? గీడికి గూడ తెచ్చినవా?" అని చెల్లెలి మొగుడు నవ్వాడు. పిల్లలూ నవ్వారు.

నేను దిగాను. రెండు వందల ఎనభై రెండు. మళ్లీ చెయ్యి పెట్టాను. అంచు ఒక వేలు లేచింది, బెత్తెడయింది. జానెడు కాలేదు. ఇంకొకరు దిగాలి. ఎవరు దిగాలో లెక్క చెబుతూనే ఉంది. ఎనభై నాలుగు కిలోలు ముందే కూర్చుని ఉన్నాయి. కానీ కారు ఆయనది. గదులు మాట్లాడింది ఆయన. అప్పటికే నన్ను చూసి నవ్వుతున్నాడు. ఆయన్ను దిగమనడానికి నాకు నోరు రాలేదు.

"ఏమే, నువ్వు దిగు," అన్నాను.

"నేనా?"

"నువ్వే. పిల్లలున్నరు గద బోటు మీద."

ఆమె నావైపు చూసింది. తర్వాత తలెత్తి ముందు కూర్చున్న మనిషి వీపు వైపు చూసింది. మళ్లీ నావైపు చూసింది. కాలు ఇవతలికి వేసి దిగింది. కూతురు "అమ్మా, ఎందుకు దిగుతున్నవ్?" అని అడుగుతుండగానే మోటారు శబ్దం లేచింది. తాడు బిగిసింది. బోటు పోయింది.

ఒడ్డున ఆరు జతల చెప్పులు, నాలుగు ఫోన్లు ఉన్నాయి. ఆమె ఫోన్లు చున్నీలో మూటగట్టుకుని చెప్పుల పక్కన కూర్చుంది. నేను నిలబడ్డాను. బోటు అలల మీద ఎగిరి పడుతూ దూరమైంది. పిల్లల కేకలు గాలికి వినిపిస్తున్నాయి.

"మరిది ఎంతుంటడు?" అని అడిగింది, బోటు మీంచి కళ్లు తిప్పకుండానే.

"ఎనభై నాలుగు."

"నేను?"

"యాభై ఎనిమిది."

"ఇరవై ఆరు," అంది. "ఆయన దిగితే నేను గూడ కూసుందును. బోటు ఇరవై ఆరు కిలోలు అల్కగ పోతుండె. మా నాయిన నేర్పింది సగమే పట్టుకున్నవు నువ్వు."

పగలంతా కూడికలు, తీసివేతలు చేసే నేను ఆ ఒక్క తీసివేత చేయలేదు. చేయలేదా, చేసి దాచుకున్నానా అంటే ఇప్పటికీ సరిగా చెప్పలేను.

పన్నెండు నిమిషాలకు బోటు తిరిగొచ్చింది. ఒడ్డు దగ్గర బోటతను కావాలనే దాన్ని ఒరగదోశాడు. నలుగురూ నడుము లోతు నీళ్లలో పడి, లేచి, ఉప్పునీళ్లు ఉమ్ముతూ నవ్వారు. ఎవరికీ ఏమీ కాలేదు. నా కొడుకు ఉరికొచ్చి తల్లిని చుట్టుకోబోయాడు. "తడిగున్నవు, జర ఆగు," అని ఆమె తువ్వాలు అందించింది. బోటతను తాడు చుట్టేస్తున్నాడు.

మర్నాడు బోట్లు పదింటికి మొదలవుతాయని ఆ రాత్రి కూతురు కనుక్కుని వచ్చింది. చెల్లెలి మొగుడు ఆరింటికే బయల్దేరాలన్నాడు. "పదింటి దాంక ఉంటే చీకటి పడ్డంక చేరుతం అన్నా, తెల్లారి నాకు డ్యూటీ ఉంది." నేను తలూపాను.

పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి నా భార్య ఆ చిలకపచ్చ డ్రెస్ వేసుకుని మంచం అంచున కూర్చుని ఉంది. నేను ఏదైనా అంటానని చూస్తోంది. నాలుగు గంటలు ఆలస్యమైతే ఏమవుతుంది, బస్సులో వస్తామని చెప్పినా సరిపోయేది. నేను సంచి జిప్పు లాగాను. కింద కారు హారన్ మోగింది. ఆమె లేచి, లోపలికి పోయి, చీర కట్టుకుని వచ్చింది.

తిరిగి వచ్చాక నాకు మనసు ఆగలేదు. యార్డు వెనక ఒక రైతు పొలంలో తవ్వించిన నీటికుంట ఉంది. ట్రాక్టర్ ట్యూబు ఒకటి అడిగి తెచ్చి దాంట్లో వేశాను. మీద ఒక బస్తా పెట్టాను, రెండు పెట్టాను. ట్యూబు నీళ్లలోకి దిగింది, వేలెడు మాత్రమే పైకి కనిపించింది. మునగలేదు. అప్పుడు అర్థమైంది. పుట్టికి అంచు ఉంది. అంచు దాటితే నీళ్లు లోపలికి వస్తాయి. అందుకని బెత్తెడు, జానెడు కొలుస్తారు. ట్యూబుకు నీళ్లు రావడానికి లోపలంటూ లేదు. ఎవరినీ దించాల్సిన పనే లేదు, నన్ను కూడా.

ఇంటికి పోయి ఆమెకు చెప్పాను. రొట్టెలు కొడుతోంది. చెయ్యి ఆపలేదు.

"గాలి దాంట్ల నీళ్లు రావని నాకు ఆ నాడే తెల్సు."

"మరి చెప్పకపోతివి?"

"నన్ను దిగమన్నవు. లెక్క అడగలేదు గద."

డ్రెస్ కూతురు కాలేజీకి వేసుకుపోతానంటే ఇచ్చేసింది. మోకాళ్ల పైకి ఒక్కసారి కూడా తడవని బట్ట అది.

ఈ చలికాలం నేనే అనుకుని, ఆమెను ఒక్కదాన్నే తీసుకుని సోమశిల పోయాను. వనపర్తి దాకా ఒక బస్సు, కొల్లాపూర్‌కు ఇంకొకటి. అక్కడ కృష్ణ సముద్రంలాగే ఉంటుంది. రెండు టికెట్లు కొన్నాను. బోటు పెద్దది, ఇనుముది, పైన కప్పు ఉంది. అంచు నీటికి నడుమెత్తు పైన ఉంది.

"చూడు, జానెడు గాదు. నీ నడుమంత ఉంది," అన్నాను.

ఆమె మెట్ల దాకా వచ్చింది. వంగి నీళ్లు ముట్టుకుని కళ్లకద్దుకుంది. నేను ముందు ఎక్కి చెయ్యి చాపాను. ఆమె చెయ్యి ఇవ్వలేదు. పై మెట్టు మీద కూర్చుని కాళ్లు చాపుకుంది.

"నువ్వు పోయి రా. నేను చెప్పులు చూస్తుంట."

"చెప్పులు ఇడిసేది లేదే ఈడ. ఏసుకోనే ఎక్కొచ్చు."

"ఉండనీ. నాకు అలవాటైంది."

బోటతను అరిచాడు. నేను దిగిపోయాను. రెండు సీట్లు ఖాళీగా బోటు కదిలింది. అరవై ఒకటీ, యాభై ఎనిమిదీ, నూట పంతొమ్మిది కిలోలు తక్కువ అని కూడుకున్నాను. కానీ ఆ యాభై ఎనిమిది కిందటేడు అంకె. ఇప్పుడు ఆమె ఎంత ఉందో నాకు తెలియదు. యార్డుకు వచ్చిన ప్రతి మనిషినీ చూసి చెబుతాను. ఆమె వైపు మాత్రం అట్లా చూడటం మానేశాను.