చర్చి మీద దిష్టిబొమ్మ

భూమి కదిలిందంటే మా ఊళ్ళో సగం మంది నమ్మలేదు. సీతమ్మధారలో ఉండే మా బావ అయితే పక్కింటివాళ్ళు కొత్త వాషింగ్ మెషీన్ కొన్నారనుకున్నాడట. పోర్టు దగ్గర మా పాత వీధిలో ఉన్న చర్చికి మాత్రం ఆ కొద్దిపాటి కుదుపే ఎక్కువైంది. ముఖద్వారం మీది రాతి కమాను మధ్యలో చీలి, వేలు దూరేంత సందు వచ్చింది. ఫాదర్ ఆ తలుపులకు తాళం వేసి, ఆదివారం ప్రార్థనలు పక్కనున్న బడి వరండాలోకి మార్చారు.

ఆ రిపేరు పని నాకు దక్కింది. మేం హిందువులం, నాన్న పోర్టులో కలాసీగా పనిచేసేవాడు. అయినా ఆ చర్చి గోడ పక్కనే పుట్టి పెరిగాను, వాళ్ళ బడిలోనే చదివాను. పెందుర్తి వైపు అపార్ట్‌మెంట్లు కట్టి కట్టి విసిగిపోయినవాణ్ణి, రాతి కమాను అనగానే ఎగిరి గంతేశాను. గంతేసేముందు చర్చి కమిటీలో ఎవరున్నారో చూసుకోవాల్సింది. మా టీచరమ్మ ఉంది.

టీచరమ్మ నాకు మూడో తరగతి చెప్పింది. క్లాసులో ఎవరైనా 'నాను' అంటే 'నేను' అనేదాకా స్కేలుతో వాయించేది. రిటైరయ్యాక తనే హాయిగా 'నాను' అంటోంది. ఎనభై దాటింది. మొదటిరోజే నన్ను పిలిచి తన సంగతి తేల్చి చెప్పేసింది. ఆవిడ జ్ఞానస్నానం, పెళ్ళి, భర్త అంతిమయాత్ర, అన్నిటికీ ఆ తలుపే. రేపు తను పోయాక పెట్టె కూడా ఆ తలుపు గుండానే వెళ్ళాలి. బడి వరండాలోంచి వెళ్ళే ప్రసక్తే లేదు.

"ఒరే, నాను ఎక్కువ రోజులు ఆగలేను. బేగి కానీ," అంది, తన బస్సుని నేనేదో ఆపి ఉంచినట్టు.

బేగి కావడానికి అదేమన్నా సిమెంటు పనా? పాత సున్నపు గోడకి సిమెంటు పూస్తే రెండూ పొసగవు, మళ్ళీ చీలుతుంది. గానుగలో సున్నం పట్టేవాళ్ళని ఎక్కడెక్కడో తిరిగి పట్టుకున్నాం. కరక్కాయలు నానబెట్టిన నీళ్ళలో బెల్లం వేసి సున్నంలో కలిపాం. కమాను కూలకుండా కింద చెక్కలతో దన్నుగా సెంట్రింగ్ నిలబెట్టి, చీలిన చోట రాళ్ళు ఒక్కొక్కటే విప్పి మళ్ళీ పేర్చాం. ఇక సున్నం గట్టిపడేదాకా ఆగడమే. ఈలోగా బెల్లం వాసనకి వీధిలో ఉన్న చీమలన్నీ చర్చికి వచ్చేశాయి. ఈమధ్య కాలంలో ఇంత హాజరు ఎప్పుడూ లేదని ఫాదర్ నవ్వారు.

టీచరమ్మ రోజూ కర్ర పట్టుకుని వచ్చేది. కమాను వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసి దగ్గేది. అది నాకోసమే ప్రత్యేకంగా దగ్గే దగ్గని నా అనుమానం. ఇంకా ఎన్నాళ్ళని అడిగేది. సున్నాన్ని తొందరపెట్టలేం టీచర్ అంటే, మరి నన్నెందుకు ఆగమంటున్నావని మూతి తిప్పుకునేది.

ఇలా ఉండగా మావాళ్ళు కొంప ముంచారు. మా పనిలో ఒక అలవాటుంది. ఎక్కడ గోడ లేచినా దిష్టిబొమ్మ వేలాడాల్సిందే. తాపీ ఎంతో అదీ అంతే. ఒక శనివారం పని దిగేముందు చర్చికీ ఒకటి కట్టారు. ఎవరిదో పాత ఫ్యాక్టరీ యూనిఫాం, లోపల గడ్డి, పైన కోరమీసాలతో, ఎర్ర నాలుక చాపిన మాస్కు. ఎక్కడ కట్టారయ్యా అంటే, అందరికీ బాగా కనపడే చోట, సరిగ్గా శిలువ కింద. నేను చూడలేదని అనను. చూశాను. కాస్త ఎడమకి జరపమన్నాను కూడా.

మర్నాడు ప్రార్థనకి వచ్చిన జనం గేటు దగ్గరే ఆగిపోయారు. పిల్లలకి పండగ. పెద్దలు అక్కడికక్కడే కమిటీ పెట్టి నన్ను పిలిపించారు. ఫాదర్ నవ్వు ఆపుకోవడానికి అటు తిరిగి నిలబడ్డారు గానీ మిగతావాళ్ళ ముఖాల్లో నవ్వు లేదు. పని ఆపించి వేరే కాంట్రాక్టరుని చూద్దామన్నారు. నా కాళ్ళ కింద భూమి ఆరోజు నిజంగా కదిలింది. ఇంకా పచ్చిగా ఉన్న ఆ కమానుని ఇంకొకడి చేతిలో పెట్టడమా? ఏడుపొచ్చినంత పనైంది.

టీచరమ్మ కర్రతో నేల మీద కొట్టింది.

"కొత్తోడ్ని ఎతికేసరికి నానుంటానేటి? ఈడికి బయం ఎక్కువ, సిన్నప్పుడూ అంతే. బయమున్నోడే జాగర్తగా కడతాడు. ఈడే కానిస్తాడు."

వేరే కాంట్రాక్టరు ఊసు అక్కడితో ఆగిపోయింది. కమిటీలో సగం మంది ఆవిడ స్కేలు దెబ్బలు తిన్నవాళ్ళే. తర్వాత ఆవిడ నాకేసి తిరిగి చెయ్యి చాచింది, మూడో తరగతిలో నా దగ్గర బొంగరం దొరికినప్పుడు చాచినట్టే. బొమ్మ దింపించి, మాస్కు ఊడదీసి ఆ చేతిలో పెట్టాను. సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది.

ఇక మిగతా పనంతా దిష్టిబొమ్మ లేకుండానే చేశాం. మా మేస్త్రికి అన్నం సహించలేదట. నాకూ సహించలేదు గానీ పైకి చెప్పలేదు.

సెంట్రింగ్ విప్పే రోజు రానే వచ్చింది. నాకు పని నేర్పినాయన పెట్టిన పద్ధతి ఒకటుంది: చెక్కలు తీసేటప్పుడు కట్టినవాడు కిందే నిలబడాలి. నిలబడ్డాను. మావాళ్ళు మేకులు పీకుతుంటే పక్కన కర్ర చప్పుడైంది. చూస్తే టీచరమ్మ, నా పక్కనే. అవతలికి వెళ్ళమని నేను బతిమాలాను, ఫాదర్ బతిమాలారు. కదిలితేనా!

"పడితే పడనీ. ఎలాగా ఈ తలుపు గుండానే కదా ఎల్తాను," అంది.

చివరి చెక్క ఊడి వచ్చింది. పైనుంచి కాస్త సున్నప్పొడి రాలి ఆవిడ నెరిసిన తల మీద పడింది. అంతే. కమాను నిలబడింది. నేను చెమటతో తడిసి ముద్దయిపోయాను. ఆవిడ మాత్రం కర్రతో అందిన రాయినల్లా తట్టి చూసింది. ఆ తర్వాత సంచిలోంచి ఎర్ర నాలుక మాస్కు తీసి నా చేతిలో పెట్టింది.

"ఇంకో పనికి కట్టుకో. ఈ కమాను గట్టిగానే ఉంది. నాకింక తొందరేటీ లేదు."

అని, ఆ తలుపు గుండా లోపలికి వెళ్ళి తన బెంచీ మీద కూర్చుంది.